పిల్లల చదువులో బొమ్మల పాలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన శుభసమయమున గ్రంథములను గూర్చి ముచ్చటించుట న్యాయము. అయినను నేటి ప్రసంగమునకు విషయము గ్రంథము కాదు, బొమ్మ. ఇందుకు తగిన కారణము కలదు. గ్రంథాలయమునకు వచ్చు పెద్దలు గడప దాటగనే వార్తాపత్రిక కడకు పోవుదురు. పసివారి త్రోవ వేఱు. పుస్తకము చేతబట్టిన పిల్లవాడు మొదట అట్టమీది బొమ్మను చూచును. పిదప పుటలు త్రిప్పుచు బొమ్మ యున్నచోట నిలుచును. ఆ బొమ్మలోనివా డెవడో, ఏల పరుగెత్తుచున్నాడో తెలిసికొనవలెనను కోరికతో క్రిందనున్న అక్షరముల జోలికి పోవును. 1945లో వెలసిన 'బాల', 1947లో వెలసిన 'చందమామ' తెలుగు పిల్లలను వేల సంఖ్యలో చదువరులను చేసినవన్నచో, అందు కథకులకెంత పాలు కలదో చిత్రకారులకును అంత పాలు కలదు. అక్షరమను కోటకు బొమ్మయే సింహద్వారము.

ఇట్టి బొమ్మకు బడిలో దొరకిన స్థానమేమి? చాలచోట్ల కాలపట్టికలో వారమునకొక గంట చిత్రలేఖనమని వ్రాసియుండును. పరీక్షలు దగ్గఱపడగనే ఆ గంట గణితమునకో, ఇంగ్లీషునకో పోవును. పరీక్షలు ముగిసిన పిదపనైనను తిరిగి వచ్చునా యన్న, వేసవి సెలవులు వచ్చును. ఇంటికడ నోటుపుస్తకము చివర పుటలో బొమ్మ కనబడినచో తండ్రి కోపించును. ఈ విధముగా ఎవరును పూనుకొని నిషేధింపకయే, ఎవరును చెడ్డ తలంపున చేయకయే, పిల్లవాని చేతినుండి గీత జాఱిపోవుచున్నది. జాఱిపోయినది వట్టి వినోదమేనా? లేక చదువులోనే యొక అవయవమా? ఇది విచారింపదగిన ప్రశ్న.

తెలుగుభాషలో నొక విశేషము కలదు. అక్షరమును వ్రాయుదురు, బొమ్మను సయితము వ్రాయుదురు. పూర్వులు బొమ్మ వ్రాయుట యనియే ప్రయోగించిరి. సంస్కృతమునను అంతే. 'లిఖ్' అను ధాతువునకు గీయుట యనియు, వ్రాయుట యనియు అర్థములు. లేఖ, లేఖకుడు, ఆలేఖ్యము, ఈ మూడును ఒక తల్లి బిడ్డలు. ఆలేఖ్యమనగా చిత్తరువు, వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో అదియు నొకటి. కాబట్టి వ్రాతకును గీతకును గల చుట్టఱికము ఎవరో కల్పించినది కాదు. భాష పుట్టినపుడే పుట్టినది. వ్రాత నేర్పి గీతను మాన్పించుట యనగా కవలపిల్లలలో నొకరికి పాలిచ్చి యొకరిని పస్తుంచుట వంటిది.

చిత్రకళ యెట్టి జ్ఞానమో తెలియుటకు భాగవతము దశమస్కంధములోని చిత్రలేఖ కథ చాలును. బాణాసురుని కూతురు ఉష కలలో నొక రాకుమారుని గాంచినది. పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తె చిత్రలేఖ పటముమీద దేవతలను, గంధర్వులను, భూలోకమందలి రాజులను వరుసగా వ్రాసి చూపినది. యదువంశము వారిని వ్రాయుచు ప్రద్యుమ్నుని రూపము చూపగనే ఉష సిగ్గుపడినది. అతని కుమారుడగు అనిరుద్ధుని రూపము చూపగనే తల వంచుకొని, వీడే యని తెలిపినది. ఈ ఘట్టములో ఒక సూక్ష్మము కలదు. తండ్రికిని కుమారునికిని పోలిక యుండును. పోలికలోపల భేద ముండును. ఆ భేదమును వ్రాయగల చేయి చిత్రలేఖకు కలదు. గుర్తింపగల కన్ను ఉషకు కలదు. మాటలచే తీఱని సమస్యను గీత తీర్చినది. నేడు సాక్షులు చెప్పిన గుర్తులనుబట్టి నేరగాని ముఖము వ్రాయించు రక్షకభటశాఖవారు చేయుచున్న పనియు దీనికి దూరము కాదు.

కాళిదాసు శాకుంతలము ఆఱవ అంకమున దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్తరువును ఎదుట నుంచుకొని, అందింకను వ్రాయవలసినవి కలవని లెక్కించును. మాలినీనది, దాని యిసుకతిన్నెపై హంసల జంట, హిమవంతపు పాదమున లేళ్లు, నారచీరలు వ్రేలాడు చెట్టు, మగజింక కొమ్మునకు తన కన్ను రాచుకొను ఆడుజింక, ఇవి యన్నియు అతనికి జ్ఞాపకము వచ్చుచున్నవి. ఉంగరము పోయి మఱచినవాడు బొమ్మ వ్రాయబూనగనే ఇంత చిన్న సంగతినికూడ మఱవక చెప్పగలిగెను. బొమ్మ వ్రాయబూనిన మనస్సు చూచినదానిని మఱల చూచును. ఈ రెండవ చూపునే బడిలో నేర్పవలసియున్నది.

విష్ణుధర్మోత్తర పురాణము మూడవ ఖండమున చిత్రసూత్రమను భాగము కలదు. అందు వజ్రుడను రాజు ప్రతిమ చేయు విధమును నేర్పుమని మార్కండేయుని వేడును. చిత్రము తెలియక ప్రతిమ తెలియదని ఋషి చెప్పును. చిత్రమునకు నృత్తమును, నృత్తమునకు వాద్యమును, వాద్యమునకు గానమును తెలిసియుండవలెనట. విద్యలు వేఱువేఱు గదులు కావు, ఒక యింటి వసారాలే యని దీని తాత్పర్యము. మఱియు కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమునకు ఆఱంగములు చెప్పెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఆకారముల తేడా తెలియుట, కొలత, మనోభావము, సొంపు, పోలిక, రంగుల కలయిక యని వీనిని తేటతెలుగున చెప్పవచ్చును. పిల్లలకు చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయుడు ఈ యాఱింటిని గోడమీద వ్రాసికొని, ఏ వయస్సున ఏ యంగము నెంత అందింపవలెనో యోచించినచో అదియే పాఠ్యప్రణాళిక యగును.

అయితే పెద్దల శాస్త్రము పెద్దలకు. ఆఱేండ్ల పసివాని గీతకు వేఱొక శాస్త్రము కలదని పాశ్చాత్యులు ఆలస్యముగా గుర్తించిరి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ అను చిత్రకారుడు 1897లో పిల్లలకై ప్రత్యేకముగా చిత్రకళా తరగతి తెఱచెను. పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు వికృతానుకరణము కాదనియు, దానికి స్వంత ధర్మము కలదనియు ఆయన నమ్మకము. ఆ దేశమునందే జన్మించి అమెరికాలో స్థిరపడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' అను గ్రంథము ప్రకటించి, పిల్లల బొమ్మలు వయస్సుతోపాటు ఏ మెట్లెక్కునో వివరించెను. ఆ మెట్లను తెలిసికొనుట తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును మిక్కిలి మేలు.

రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వఱకు పిల్లవాడు గీతలు బరుకును. అది చేతికి కలుగు ఆనందము. నాలుగు మొదలు ఏడు వఱకు ఒక సున్న చుట్టి, దానికి రెండు గీతలు తగిలించి అమ్మ యనును. నడుము లేదు, మెడ లేదు; అయినను అమ్మయే. ఏడు మొదలు తొమ్మిది వఱకు కాగితము అడుగున నొక గీత గీసి, దానిమీద ఇల్లు, చెట్టు, మనుష్యుని నిలువబెట్టును. అది నేల. పైన నొక నీలిపట్టె గీయును. అది యాకాశము. నడుమ తెల్లగా విడుచును. ఆకాశము నేలవఱకు దిగియుండునని పెద్దలు దిద్దబోదురు. పిల్లవాని కది పైనున్నది, పైననే వ్రాసెను. బస్సు వ్రాసినచో లోపలి ప్రయాణికులందఱును రేకును దాటి కనబడుదురు. వారు లోపల నున్నారని వానికి తెలియును గదా! అవ్వ యింటికంటె పెద్దదిగా నుండును, అవ్వమీద ప్రేమ పెద్దది గనుక. ఈ వయస్సువాడు కంటికి కనబడినది వ్రాయడు. తెలిసినది వ్రాయును, తనకు ముఖ్యమైనది పెద్దదిగా వ్రాయును. ఇది తప్పు కాదు, వానికి తగిన వ్యాకరణము.

తొమ్మిది మొదలు పండ్రెండు వఱకు గల కాలము మిగుల సున్నితమైనది. ఈ వయస్సున పిల్లవాడు తన బొమ్మను లోకముతో పోల్చిచూచుకొనును. ఎద్దు కుక్కవలె నున్నదని ప్రక్కవాడు నవ్వును. తనకును అట్లే తోచును. ఆ దినమున వాడు 'నాకు బొమ్మలు రావు' అను మాట నేర్చును. ఆ యొక్క మాటతో జీవితాంతము సుద్దముక్క ముట్టని పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. ఏడవ యెక్కము తప్పు చదివిన బాలుని, 'నీకు లెక్కలు రావు, పోయి ఆడుకొనుము' అని ఏ గురువును పంపివేయడు; మఱల చదివించును. బొమ్మ తప్పినవానినిమాత్రము పుట్టుకతో రానివానిగా నిర్ణయించుట ఎట్టి ధర్మము? ప్రాథమిక పాఠశాల ముగిసి మాధ్యమిక తరగతులు మొదలగు సంధికాలమున చేయి పట్టి నడిపించు గురువు లేకపోవుటయే ఈ విద్యకు కలిగిన పెద్ద హాని.

బడిలో సాధారణముగా జరుగు పొరపాట్లు మూడు. మొదటిది, నల్లబల్లమీద మామిడిపండు గీసి అందఱిచేత అదే పండును గీయించుట. నలువది మంది పిల్లలు నలువది పండ్లు గీయుదురు. ఒక్కడును పండును చూడలేదు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు గల చిత్రము ఇట్లే తరతరములుగా నడచుచున్నది. కొండ యెఱుగని కోనసీమ పిల్లవాడును, కొబ్బరితోట లెఱుగని పాలమూరు పిల్లవాడును దానినే గీయుదురు. రెండవది, అచ్చువేసిన గీతల నడుమ రంగు నింపుడు పుస్తకములు. వీనివలన గీత దాటకుండుట యొక్కటే అబ్బును; గీత యెట్లు పుట్టునో తెలియదు. మూడవది, ఉపాధ్యాయుడు పిల్లవాని బొమ్మమీద తన పెన్సిలుతో దిద్దుట. దిద్దిన క్షణముననే ఆ బొమ్మ పిల్లవానిది కాకపోవును.

ఈ పొరపాట్లను తొలగింప భారతదేశమున జరిగిన యత్నములు గొప్పవి. రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున 1919లో కళాభవనము నెలకొల్పగా, నందలాల్ బోసు దానిని దీర్ఘకాలము నడపెను. చెట్లను, పశువులను, పల్లెపనులను చూచి వ్రాయుట అచ్చటి శిష్యులకు నిత్యకృత్యము. 1938లో హరిపురా కాంగ్రెసు సభకు నందలాల్ వ్రాసిన పటములలో కనబడువారు పల్లె జనులు, చేతిపనులవారు. భారత రాజ్యాంగపు మూలప్రతిని చిత్రములతో అలంకరించినవారును ఆయనయు ఆయన శిష్యులునే. గాంధీమహాత్ముని ప్రేరణచే 1937లో వార్ధాలో విద్యాసమావేశము జరిగినది; పిదప జాకీర్ హుస్సేన్ సంఘము రచించిన మౌలికవిద్యా ప్రణాళికలో చిత్రలేఖనమునకును చోటు కలిగినది. కళాభవనమున చదివిన దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామము చేరి అచ్చటి బడిపిల్లలకు చిత్రకళ నేర్పెను. విద్యకు కళయే పునాదియని ఆయన వ్రాసిన గ్రంథము ఆ యనుభవమునుండి పుట్టినదే. సేవాగ్రామము పట్టణము కాదు. ధనికుల బడి కాదు. వడుకుచు, దున్నుచు చదివిన పల్లెపిల్లల బడి. పల్లెలో ఇది సాగదను మాటకు అదియే సమాధానము.

తెలుగునాట దృష్టాంతములు కొఱత లేవు. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు చదువుకొనుచున్న కాలమున, అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడు. ఆయన ఈ బాలుని చేతిలోని శక్తిని కనిపెట్టి ప్రోత్సహించెను. రామారావు 1916లో బొంబాయి కళాశాలలో చేరి, తిరిగివచ్చి, గోదావరీతీరమున నొక చిత్రకళాసంప్రదాయమునకే మూలపురుషు డయ్యెను. 1925లో మశూచి సోకి 28 ఏండ్లయినను నిండకయే కాలధర్మము నందెను. ఆయన చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. ఆ కూల్డ్రే శిష్యుడే అడివి బాపిరాజు. ఒక చేత కుంచె, ఒక చేత కలము పట్టి రెంటను రాణించినవాడు. చందమామ, యువ పత్రికల ముఖచిత్రములతో ప్రతి యింటికిని తెలిసిన వడ్డాది పాపయ్య శ్రీకాకుళమున 1921లో జన్మించెను. ఆయన తండ్రి చిత్రలేఖనోపాధ్యాయుడు. ఈ మువ్వురి చరితలలోను సమానమైన దొక్కటే: చిన్ననాడు వారి గీతను చూచిన యొక పెద్ద కన్ను ఉండెను. అట్టి కన్ను లేక ఎందఱు రామారావులు పేరు లేకయే గతించిరో లెక్క వేయగలవా రెవరు?

ఇక నేర్పవలసిన విధము. ప్రాథమిక తరగతులలో, అనగా ఆఱు మొదలు పది యేండ్లవారికి, సామగ్రికై పట్టణము పోనక్కఱలేదు. బొగ్గు నలుపు, సుద్ద తెలుపు, జేగురు ఎఱుపు. పసుపు పచ్చన, అందు చిటికెడు సున్నము కలిపిన ఎఱ్ఱనగును. ఈ మార్పు పిల్లల యెదుట చూపినచో చిత్రలేఖనమును రసాయనశాస్త్రమును ఒక్క గిన్నెలో నేర్పినట్లే. సున్నము చేతికిని కంటికిని హానికరము గనుక దానిని ఉపాధ్యాయుడే కలుపవలెను. బచ్చలిపండ్ల రసము ఊదా. మోదుగుపూలు నానవేసిన నీరు నారింజవన్నె. దీపపు మసి కాటుకనలుపు. రంగు పట్టియుండుటకు తుమ్మజిగురు. ఈతపుల్ల కొన నలుగగొట్టిన కుంచె యగును. వెనుకప్రక్క తెల్లగానున్న పాత కరపత్రములు కాగితములు. ఇట్లు లెక్క వేసినచో నలువది మంది పిల్లలకు సంవత్సరమంతయు నగు వ్యయము ఒక పండుగనాటి బాణసంచా ఖర్చునకు మించదు.

పిల్లలకు ఏ వస్తువు వ్రాయుమని చెప్పుటకంటె, ఏ యనుభవమును వ్రాయుమని చెప్పుట మేలు. 'చెట్టు వ్రాయుము' అన్నచో నల్లబల్లమీది చెట్టే వచ్చును. 'నీవు చెట్టెక్కి కాయ కోసినపుడు ఎట్లుంటివో వ్రాయుము' అన్నచో చేయి చాచిన బాలుడు వచ్చును. చాచిన చేయి రెండవదానికంటె పొడవుగా వచ్చును. ఆ పొడవే వాని యనుభవము. వానలో తడియుట, సంతకు పోవుట, దూడకు పాలు విడుచుట, సంక్రాంతినాడు గొబ్బెమ్మలు పెట్టుట, బతుకమ్మ పేర్చుట, ఇట్టివన్నియు పాఠములే. బంకమట్టితో ఎడ్లు, బండి చేయించుట ఈ వయస్సుననే జరుగవలెను. వ్రేళ్లకు బలము వచ్చిన పిదపనే కలము చక్కగా నిలుచును.

ముగ్గును గూర్చి యొక మాట. ప్రతి యింటి వాకిటను తెల్లవాఱకముందే జరుగు చిత్రలేఖన పాఠ మది. చుక్కల లెక్క, వరుసల సరి, మధ్యగీతకు ఇరుప్రక్కల సమత, చెయ్యెత్తక గీత త్రిప్పుట, ఇన్ని విద్యలు అందు కలవు. ఏడు చుక్కలు మొదలుపెట్టి ఇరుప్రక్కల ఒక్కొక్కటి తగ్గించుచు ఒకటివఱకు వచ్చిన మొత్తము చుక్కలెన్ని యని అడిగినచో ముగ్గు లెక్కగా మాఱును. నడుమ వరుస ఏడు, ఇరుప్రక్కల ఆఱు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తము 49, అనగా ఏడేడుల నలువదితొమ్మిది. ఐదుతో మొదలిడిన 25. కారణమేమని పిల్లలనే వెదకనిండు. ఈ విద్యను ఆడుపిల్లలకుమాత్రమే విడిచిపెట్టుట మగపిల్లలకు నష్టము. బడి వాకిట వారమునకొక దినము మగపిల్లలచేతను ముగ్గు పెట్టింపవలెను.

మాధ్యమిక తరగతులలో, అనగా పదునొకండు మొదలు పదుమూడేండ్లవారికి, పద్ధతి మాఱవలెను. 'నాకు రాదు' అను భయము ఈ వయస్సుననే పుట్టునని పైన చెప్పబడినది. ఆ భయమునకు మందు పొగడ్త కాదు; ఉపాయము. ఎద్దు కుక్కవలె నున్నదని బాధపడువానికి, 'బాగున్నది' అన్నచో వాడు నమ్మడు. వానిని పశువుల పాకకు తీసికొనిపోయి, మూపురము ఎచ్చట లేచుచున్నది, గంగడోలు ఎచ్చట వ్రేలాడుచున్నది, వెనుకకాలి మడమ ఎట్లు వంగియున్నది అని అడుగవలెను. చూచినవాడు వ్రాయగలడు. బిందె మూతి పైనుండి చూచిన గుండ్రము. ప్రక్కనుండి చూచిన కోడిగ్రుడ్డువలె నొత్తుకొనును. కంటికి సమముగా పట్టిన గీతయగును. ఈ మూడింటిని బిందెను పట్టుకొని చూపినచో దృష్టిభేదమను శాస్త్రములో తొలిమెట్టు ఎక్కినట్లే. కాలువగట్టుమీద నిలిచి చూడుడు: చెట్ల వరుసలు రెండును దూరమునకు పోవుకొలది దగ్గఱపడి ఒక చోట కలియును. ఆ కలిసిన చోటు చూచువాని కంటి యెత్తున నుండును. పుస్తకము లేకయే ఇది నేర్పవచ్చును.

ఈ వయస్సున నేర్పవలసిన మఱియొక ముఖ్యవిద్య కొలతతో కూడిన పటము. బడి ఆవరణమును అడుగులతో కొలిచి, పది యడుగులకొక అంగుళము చొప్పున కాగితముపై దింపవలెను. పిదప ఒక పొలము. భూమికొలతకు పూర్వము వాడిన గొలుసు పొడవు 66 అడుగులు, 100 లంకెలు. ఒక చదరపు గొలుసు 10 సెంట్లు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరము. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. ఈ లెక్కను కాగితముపై గీసి చూచిన బాలుడు పెద్దవాడై తన పొలము పటమును తానే చదువగలడు. పటము చదువలేని రైతు గట్టు తగవులో ఇతరుల మాటనే నమ్మవలసివచ్చును. వ్యాజ్యములలో తరుగుట వాని భూమియే. చిత్రలేఖనము కూడు పెట్టునా యని అడుగువారికి ఈ యొక్క సంగతి చాలును. అది కూడు పెట్టినను పెట్టకపోయినను, కూడు పెట్టు నేలను కాపాడును.

సమీపమున నున్న చేతిపనులను చూపుటయు ఈ వయస్సుననే తగును. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతోను, ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱకు లక్కరంగు పట్టించియు బొమ్మలు చేయుదురు. చేర్యాలలో బట్టపై కథలు వరుసగా వ్రాయుదురు. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై వెదురు కలముతో కలంకారీ వ్రాయుదురు. ఆ నల్లరంగు బెల్లపు నీటిలో ఇనుము నానవేసి తీసినది. ఈ పనులు చేయువారిని బడికి పిలిచి, పీట వేసి, గురువులుగా గౌరవింపవలెను. చేతిపని హీనమను తలంపు పిల్లల మనస్సున నాటకుండుటకు ఇంతకు మించిన మార్గము లేదు.

మార్కుల మాట. బొమ్మకు వందకింత యని వేయుట ప్రేమను తూచుట వంటిది. అంతమాత్రమున పరీక్ష వలదని కాదు. ప్రతి పిల్లవాని బొమ్మలను తేదీ వేసి యొక సంచిలో భద్రపఱచి, జూన్‌నాటి బొమ్మను మార్చినాటి బొమ్మతో పోల్చవలెను. వానిని వానితోనే పోల్చవలెను, ప్రక్కవానితో కాదు. బొమ్మను చూచినపుడు 'ఇదేమి?' అని అడిగినచో, గురువునకు తెలియలేదు గనుక తప్పు వ్రాసితినని పిల్లవాడు తలంచును. 'ఈ బొమ్మ కథ చెప్పుము' అని అడిగినచో అదే నోట తెలుగు వాక్యములు వరదలై వచ్చును. ఆ వాక్యములను బొమ్మ క్రింద వ్రాయించిన అదియే వ్యాసరచన.

పెద్దలు చేయు ఆక్షేపణ యొకటి కలదు: అందఱును చిత్రకారులగుదురా? కానక్కఱలేదు. పద్యములు నేర్చిన వారందఱును కవులైరా? ఈత నేర్చిన వారందఱును పడవవాండ్రైరా? అయినను పద్యము వచ్చినవాని మాట వేఱు. ఈత వచ్చినవాని ధైర్యము వేఱు. మఱియొక ఆక్షేపణ: చేతిలోని ఫోను క్షణములో వేయి బొమ్మలు చూపుచుండగా చేతితో వ్రాయుటెందుకు? ఫోను చూపు బొమ్మ కన్నుమీదుగా జాఱిపోవును. చేతితో వ్రాసిన బొమ్మ కంటిలో నిలుచును. వేయి బొమ్మలు చూచు కాలముననే ఒక బొమ్మను నిలిచి చూచు శక్తి ఎక్కువ అవసరము. వంట సులభమైనదని ఆకలి అక్కఱలేదన వచ్చునా?

చట్టముకూడ ఈ విద్య ప్రక్కననే యున్నది. 2009లో చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో, ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులలో వందకు మించి పిల్లలున్న బడికి చిత్రకళాది విద్యలు నేర్పు అంశకాలిక బోధకులుండవలెనని చెప్పబడినది. 2005నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమును, 2020నాటి జాతీయ విద్యావిధానమును కళలను చదువులో భాగముగానే పరిగణించినవి. కాగితముపై నున్న హక్కు అడిగినవానికే ఫలించును. తల్లిదండ్రుల సభలలో మరుగుదొడ్లను గూర్చియు, మధ్యాహ్నభోజనమును గూర్చియు అడుగుచున్నారు, అది మంచిదే. చిత్రలేఖనపు గంట ఏమైనదని అడిగిన తల్లి యొకతె ఉన్నచో ఆ గంట గణితమునకు పోదు.

గ్రంథాలయము చేయదగిన పనియు కలదు. ఒక గోడను నల్లగా పూసి పిల్లలకు విడువవచ్చును. ఆదివారము ప్రొద్దున ఒక కథ చదివి వినిపించి, చివర చెప్పక నిలిపి, ఆ చివరను బొమ్మగా వ్రాయుడని కాగితము లీయవచ్చును. వ్రాసిన బొమ్మలను ఏర్పఱుపక, పేరుపేరున అన్నిటిని గోడకు తగిలింపవచ్చును. బహుమతి ఒక్కనికిచ్చినచో ముప్పదితొమ్మండ్రు చిన్నబోవుదురు. గోడ అందఱికిచ్చినచో ఎవరును చిన్నబోరు. మూడుతరముల వృద్ధులు చెప్పిన పాత ఊరి ఆనవాళ్లను, పూడిపోయిన బావిని, కూలిన చావడిని, కొట్టివేసిన మఱ్ఱిని, మాధ్యమిక తరగతుల పిల్లలచేత వ్రాయించి కట్టగట్టి అలమరలో నుంచినచో, అది ఏ అంగడిలోను దొరకని గ్రంథమగును. ఈ పనులకు విరాళముల పట్టిక అక్కఱలేదు. వారమునకు రెండు గంటల కాలమును, పిల్లల గీతను చూచి నవ్వని యొక పెద్దమనిషియు చాలును.

మొక్కై వంగనిది మానై వంగదని సామెత. అది వంచుటను గూర్చినది. చిత్రలేఖనమున చేయవలసినది వంచుట కాదు. మొక్కకు వెలుతురున్న దిక్కును విడుచుట. సంపన్నుల బిడ్డలకు పట్టణములలో శిక్షకులు దొరకుదురు. కూలివాని బిడ్డకు, చేనేతవాని బిడ్డకు, కౌలురైతు బిడ్డకు బడిలోని ఆ యొక్క గంటయే దిక్కు, గ్రంథాలయములోని ఆ యొక్క గోడయే దిక్కు. రానున్న పాతికయేండ్లలో ఈ గ్రంథాలయమున పుస్తకములు రెట్టింపగుగాక. వానిని తెఱచు చేతులకు గీతయును, చదువు కన్నులకు చూపును కలుగుగాక.

స్వస్తి.